బేస్ ఎవరిది?

పెర్సిస్ అబ్బాయిరాజు గారి గోడౌన్‌కి చేరేసరికి బుధవారం పదకొండు దాటింది. ఏలూరు పవర్‌పేట స్టేషన్ వెనక వీధిలో ఉంటుందది. బయట ఆగిన వ్యాన్‌లోంచి ఇద్దరు కూలీలు మనిషెత్తు డీజే బాక్సుల్ని దింపుతున్నారు. తాడేపల్లిగూడెంలో పెళ్ళి ఊరేగింపు ముగించుకొచ్చిన బాక్సులవి, వాటికి అంటుకున్న రంగుకాగితం ముక్కలు ఇంకా రాలలేదు. లోపల కుర్చీలో రాజుగారు టిఫిన్ ముగించి చెయ్యి తుడుచుకుంటున్నారు. ఆయనకి కాస్త ఎడంగా, నేల మీద కూర్చుని ముప్పయ్యేళ్ళ మనిషి ఒకతను బొటనవేలికీ మోచేతికీ మధ్య వైరు చుడుతున్నాడు.

బస్సులో దారి పొడుగునా కూడబలుక్కున్న మర్యాద మాటలన్నీ ఆ గుమ్మం దగ్గరే ఎగిరిపోయాయి. పెర్సిస్ ఫోన్ తీసి ఒక రీల్ పెట్టింది. "డీజే తాతాజీ మిక్స్... ఏలూరు!" అని మగగొంతు ఒకటి కేక పెట్టింది. ఆ వెంటనే పాట మొదలైంది. పాటంటే మాటలుండవు. కీబోర్డు వరస ఒకటి, చప్పట్లు, డ్రమ్ము దెబ్బ. రీల్‌లో జనం ఒళ్ళు మరిచి చిందులేస్తున్నారు.

"ఈ పాట నాదండీ," అంది పెర్సిస్. "నేను చేశాను. మా చర్చి పిల్లల గ్రూపులో పెట్టాను. పేరు మాత్రం మీ తాతాజీ గారిది పెట్టుకున్నారు."

రాజుగారు ఆమెను ఎగాదిగా చూశారు. ఎగతాళి లేదు ఆ చూపులో, ఆశ్చర్యమే. "ఎవరమ్మాయివమ్మా నువ్వు?"

"మాది కొల్లేరు వైపండీ. గంగరాజు గారి రొయ్యల చెరువు మీద మా నాన్నగారు కాపలా ఉంటారు. నా పేరు పెర్సిస్ అండీ."

"ఆడపిల్లవి, డీజే పాటలు చేస్తావా! ఏవయ్యా తాతాజీ, ఏంటిది?"

వైరు చుడుతున్నతను తలెత్తకుండానే జవాబిచ్చాడు. "పాట వాట్సాప్‌లో వచ్చిందండీ. ఎవరిదో తెలీదు. అందులో బేస్ లేదండీ, అడుగున గుమ్మని మోగే మోత. నేను వేశాను."

పెర్సిస్‌కి తల తిరిగిపోయింది. "బేస్ లేకపోవడమేంటండీ! మా ఇంట్లో వింటే అడుగునుంచీ బేసే వినిపిస్తుంది. మీరు చేసిందల్లా పైన కేకెయ్యడమే. దీన్ని దొంగతనమంటారండీ."

కూలీలిద్దరూ బాక్సు పట్టుకున్నవాళ్ళు పట్టుకున్నట్టే ఆగిపోయారు. తాతాజీ చెయ్యి ఒక్క క్షణం నిలిచింది. తర్వాత మళ్ళీ వైరు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. తిరిగి ఒక్క మాటన్నా బాగుండేది, పెర్సిస్ కోపానికి దారి దొరికేది.

"చూడమ్మా," అన్నారు రాజుగారు నెమ్మదిగా. "కీబోర్డు మీద వరసలు పదిమంది వాయిస్తారు. బాక్సు కొడితే గుండెల మీద తగలాలి, అప్పుడే జనం కాలు కదుపుతారు. అందుకని బేస్ వేసినోడి పేరే పాటకి కేకేస్తారు. ఒక పాటకి ఒక పేరే. మా లైన్లో ఇదే పద్ధతి. నీకు అంత నమ్మకముంటే ఒక పని చెయ్యి. ఆదివారం కొత్త బాక్సులొస్తున్నాయి, సాయంత్రం టెస్టింగు. తాతాజీ చెయ్యి పడకుండా నీ పాట ఒకటి పట్రా. తగిలిందా, దానికి నీ పేరే వేయిస్తాను. ఈ సీజనంతా నీ పాటలే మోగిస్తాను."

"ఆయ్, తెస్తానండీ," అంది పెర్సిస్.

*

గంగరాజు గారి చెరువు ఆరెకరాలు. గట్టు మీద రేకుల షెడ్డు. అందులో ఒక పక్క మేత బస్తాలు, ఒక పక్క రెండు మంచాలు, కిటికీ దగ్గర పెర్సిస్ బల్ల. బల్ల మీద ఎవరో వాడి వదిలేసిన లాప్‌టాప్, చెవికి సరిగ్గా ఆనని ఇయర్‌ఫోన్లు. అదే ఆమె స్టూడియో. కిటికీ బయట పది అడుగుల దూరంలో మొదటి ఏరియేటర్ తిరుగుతూ ఉంటుంది. అలాంటివి చెరువులో పన్నెండున్నాయి. మోటారు మీద తిరుగుతూ నీళ్ళని కొట్టి గాలి కలిపే చక్రాలవి. అవి ఎక్కువసేపు ఆగితే రొయ్యకి ఊపిరాడదు. చుట్టాలెవరైనా వస్తే ఈ హోరులో ఎలా ఉంటున్నారర్రా అని చెవులు మూసుకుంటారు. ఏ హోరు అని పెర్సిస్ తండ్రి యేసుదాసు నిజంగానే ఆశ్చర్యపోతాడు.

ఆ సాయంత్రం నుంచి పెర్సిస్ కొత్త పాట మీద కూర్చుంది. కీబోర్డు వరస గంటలో కుదిరింది. వరసలకి ఆమె ఎప్పుడూ వెతుక్కోనక్కర్లేదు. బేస్ దగ్గరే పేచీ వచ్చింది. మీట కొంచెం పైకి జరిపితే చెవుల్లో గుయ్యిమంటుంది. తగ్గిస్తే నిండుగా, చక్కగా ఉన్నట్టే అనిపిస్తుంది. ఇంటర్నెట్‌లో వీడియోలు నాలుగు చూసింది. ఒకాయన పెంచమంటాడు, ఒకాయన తగ్గించమంటాడు, మూడో ఆయన తన దగ్గరున్న ఖరీదైన స్పీకర్లు చూపించి ఇవి లేకపోతే అసలు మొదలుపెట్టొద్దంటాడు. పెర్సిస్ ఆయన్ని తెలుగులో చక్కగా తిట్టి వీడియో కట్టేసింది.

గురువారం మధ్యాహ్నానికి పాట తయారైందనిపించి భీమడోల్లో ఉన్న స్నేహితురాలు జ్యోత్స్నకి పంపింది. పావుగంటకి ఫోనొచ్చింది.

"వరస భలే ఉందే. కానీ కింద ఏమీ లేదే."

"ఏమీ లేకపోవడమేంటే? నిండా బేసే."

"ఏమోనే బాబూ. పైన పందిరి బాగుంది, కింద గుంజలు లేవన్నట్టు ఉంది. మా అన్నయ్య స్పీకర్లో పెట్టి విన్నాను మరి."

"మీ అన్నయ్య స్పీకర్ పాడైపోయుంటుంది," అని ఫోన్ పెట్టేసింది పెర్సిస్. కుళ్ళు అనుకుంది కూడా. రెండో తరగతి నుంచి ఒకే బెంచీ మీద కూర్చున్న పిల్ల గురించి అలా అనుకున్నందుకు తర్వాత సిగ్గుపడింది గానీ, పాట మాత్రం మార్చలేదు. తన చెవులతో తను విన్నది అబద్ధమెలా అవుతుంది?

"మేత టైమైంది తల్లీ," అని గట్టు మీంచి యేసుదాసు పిలిచాడు. లేచి వెళ్ళింది. మేత వేసేటప్పుడు ఏరియేటర్లు కట్టేస్తారు, లేకపోతే మేత కొట్టుకుపోయి ఒక మూలకి చేరుతుంది. యేసుదాసు స్విచ్చులు కట్టేస్తే, పెర్సిస్ తెప్ప మీద నిలబడి, ఈ గట్టు నుంచి ఆ గట్టుకి కట్టిన తాడు ఒక చేత్తో లాగుకుంటూ రెండో చేత్తో మేత జల్లుతుంది. ఆ తర్వాత నీళ్ళలో వేలాడే చెక్ ట్రేలు పైకి లాగి, ఎంత తిన్నాయి, ఎంత మిగిల్చాయి అని చూడాలి. రోజుకి నాలుగుసార్లు, గంట చొప్పున ఈ పని. ఆ రోజు తాడు లాగుతూ కూడా ఆమె నోట్లో పాటే కదులుతోంది. మేత ఒకచోట ఎక్కువ పడింది, ఒకచోట పడలేదు. యేసుదాసు గట్టు మీంచి అది చూశాడు.

*

శుక్రవారం పదింటి మేతకి పెర్సిస్ లేవబోతుంటే యేసుదాసు చెయ్యెత్తి ఆపాడు.

"నువ్వు నీ పని చూసుకో. నేనొక్కణ్ణే జల్లుకుంటాను."

"నడుం నొప్పి కదా నాన్నా."

"నొప్పి నిన్నా ఉంది, రేపూ ఉంటుంది. నీ ఆదివారం రేపు కాక ఎల్లుండి." బస్తా భుజానికెత్తుకుని వెళ్ళి స్విచ్చులు కట్టేశాడు. చక్రాలు ఒక్కొక్కటే నెమ్మదించి ఆగాయి.

పెర్సిస్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాట మొదట్నుంచి పెట్టింది. కీబోర్డు వచ్చింది. చప్పట్లు వచ్చాయి. డ్రమ్ము టకటకమంది. బేస్ లేదు. పిన్ను తీసి తుడిచి మళ్ళీ గుచ్చింది. లేదు. మీట చూసింది, ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది. ఇయర్‌ఫోన్లు పోయాయనుకుని ఆమె ప్రాణం ఉసూరుమంది. ఇంత తక్కువ వ్యవధిలో కొత్తవి ఎక్కణ్ణించి తేవడం? విసిగి, మరి కాసేపు ఫోన్లో వీడియోలతో కాలక్షేపం చేసి, ఆఖరిసారి చూద్దామని పాట మళ్ళీ పెట్టింది. సగం పాటలో ఉండగా గట్టు మీద యేసుదాసు స్విచ్చులు వేశాడు. చక్రాలు కదిలాయి. చెవుల్లో బేస్ నింపాదిగా, నిండుగా వచ్చి కూర్చుంది.

పెర్సిస్ పాట ఆపింది. ఇయర్‌ఫోన్లు తీసింది. బేస్ ఆగలేదు.

ఇన్నాళ్ళూ తన పాటలకి బేస్ వేస్తున్నది గంగరాజు గారి మోటార్లు! చక్రాలు ఆగిన గంట తను ఎప్పుడూ తెప్ప మీదే ఉండేది. బల్ల దగ్గరికి వచ్చేసరికి అవి తిరుగుతూ ఉండేవి. ఆటోలో, బస్సులో విన్నా కింద ఇంజను ఉంది. పైగా ఆ మోటార్లు ఏ స్వరంలో మూలుగుతాయో తన వరసలన్నీ ఆ స్వరంలోనే కట్టుకుంది, తెలియకుండానే. చెవికి నిండుగా ఉంది కదా అని అసలు బేస్‌ని తన చేత్తోనే తగ్గించుకుంటూ వచ్చింది. ముందు నవ్వొచ్చింది. తర్వాత బుధవారం గోడౌన్‌లో తను అన్న మాట గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

యేసుదాసు మేత ధూళి దులుపుకుంటూ లోపలికొచ్చాడు. విషయం చెప్పింది. ఆయనకి అర్థం కావడానికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"అయితే ఆ పాటకి మోటారు పేరు కేకెయ్యాలమ్మా," అన్నాడు. కూతురి ముఖం చూసి నవ్వు మింగేశాడు. "పోన్లే. మేత వేసిన గంటే కదా నీకు నిశ్శబ్దం. ఆదివారం దాకా అన్ని మేతలూ నేనే వేస్తాను. ఆ గంటల్లో చేసుకో."

తర్వాతి మేత వేళకి పెర్సిస్ బల్ల దగ్గర సిద్ధంగా ఉంది. చక్రాలు ఆగగానే కొత్త పాట జోలికి పోలేదు. ముందు తన పాత పాట, తను పంపింది పంపినట్టు పెట్టింది. జ్యోత్స్న చెప్పింది అక్షరాలా నిజం, కింద గుంజలు లేవు. ఆ తర్వాత రీల్ పెట్టింది. కేక దాటాక, తాతాజీ వేసిన బేస్ మీద చెవి పెట్టింది.

పట్టుమని ఐదారు స్వరాలు, అంతే. డ్రమ్ము దెబ్బ పడిన చోట అతని బేస్ తప్పుకుంటోంది. దెబ్బ అయిపోయాక వచ్చి ఆ ఖాళీని నింపుతోంది. కీబోర్డు వరస ఎక్కడ పైకి లేస్తుందో అక్కడ పూర్తిగా ఆగి దారి ఇస్తోంది. వరసని పదిసార్లు వినందే ఎవరూ అలా వెయ్యలేరు. తన పాటని తనకంటే శ్రద్ధగా విన్న మనిషి ఒకడున్నాడు, అతన్ని తను కూలీల ముందు దొంగ అంది. పెర్సిస్‌కి ముఖం వేడెక్కింది. పేరు అడక్కుండా పెట్టుకున్నాడు, అది తప్పే. కానీ బేస్ వేశానన్నది అబద్ధం కాదు.

శనివారమంతా ఆ గంటల్లోనే పని. బేస్ పెంచడం మానేసి మిగతావాటిని తగ్గించుకుంటూ వచ్చింది. కీబోర్డు అడుగున అనవసరంగా గునుస్తున్న భాగం కోసేసింది. చప్పట్ల కింద ఉన్న మురికి మోత తీసేసింది. డ్రమ్ము పడిన ప్రతిసారీ బేస్ ఒక్క అర క్షణం తల వంచుకునేలా పెట్టింది. మరీ లోతుగా వేసిన స్వరాల్ని కాస్త పైకి తెచ్చి, చిన్న ఫోన్లో కూడా ఉనికి తెలిసేలా వాటికి కొంచెం గరుకు కలిపింది. ఇలా అన్నీ పక్కకి జరిగేసరికి, మీట ముట్టుకోకుండానే బేస్ పెరిగింది.

నాలుగింటి మేతకి ఆఖరి భాగం ఇంకా మిగిలే ఉంది. గంట అయిపోయిందని పెర్సిస్‌కి తెలుసు. ఇప్పుడో ఇప్పుడో చక్రాలు తిరుగుతాయని చూస్తోంది. తిరగలేదు. ఇదీ మంచిదే అనుకుని చేసుకుపోయింది. పది నిమిషాలైంది, ఇరవై అయింది. అనుమానమొచ్చి కిటికీలోంచి తొంగి చూసింది. యేసుదాసు స్విచ్చుల పెట్టె పక్కన నిలబడి, ఒకసారి మబ్బు పట్టిన ఆకాశం వంకా, ఒకసారి నీళ్ళ వంకా, ఒకసారి షెడ్డు వంకా చూస్తున్నాడు. గట్టు వార నీళ్ళ మీదికి రొయ్యలు తేలుతున్నాయి.

పెర్సిస్ కుర్చీ తన్నేసి పరిగెత్తింది. ఆయన్ని దాటి వెళ్ళి స్విచ్చులన్నీ తనే వేసింది.

"ఏంటి నాన్నా ఇది! చెరువు పోతే గంగరాజు గారు ఊరుకుంటారా?"

"అయిపోయిందేమోనని... ఇంకో రెండు నిమిషాలు చూద్దామని..." అన్నాడు యేసుదాసు తప్పు చేసిన పిల్లాడిలా. ఇద్దరూ గట్టు మీదే గొంతుక్కూర్చుని, తేలిన రొయ్యలన్నీ మళ్ళీ కిందికి దిగేదాకా నీళ్ళనే చూశారు. తండ్రి మీద అంత ప్రేమా, అంత కోపమూ ఒక్కసారే రావడం పెర్సిస్‌కి అదే మొదటిసారి. మిగిలిన భాగం మర్నాడు పొద్దుటి మేతకి, ప్రార్థనకి వెళ్ళేలోపు ముగించింది.

*

ఆదివారం సాయంత్రం గోడౌన్ కొత్త రంగు వాసనేస్తోంది. నాలుగు కొత్త బాక్సులు వరసగా నిలబెట్టారు. రాజుగారు కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టి, "ఏమ్మా, తెచ్చావా?" అన్నారు.

పెర్సిస్ పెన్‌డ్రైవ్ ఇచ్చింది. మిక్సర్ దగ్గర తాతాజీ దాన్ని అందుకున్నాడు. ఆమెకి అతని కళ్ళలోకి చూడ్డానికి ధైర్యం చాలలేదు.

పాట మొదలైంది. నాలుగో దెబ్బకి పైన రేకులు కదిలాయి. రాజుగారి చొక్కా గుండె దగ్గర రెపరెపలాడింది. కూలీల్లో ఒకడి కాలు దానంతటదే తాళం వెయ్యడం మొదలుపెట్టింది. బేస్ వచ్చి పెర్సిస్ గుండెలకి తగిలింది, ఇది ఏ మోటారుదీ కాదు. కళ్ళు మూసుకుని వింటున్న తాతాజీ, డ్రమ్ము దెబ్బకి బేస్ తప్పుకున్న చోట కళ్ళు తెరిచి ఆమె వైపు చూశాడు. అది తన పద్ధతేనని అతనికి అర్థమైపోయింది.

"తగిలిందమ్మా!" అని రాజుగారు తొడ చరిచారు. "మాటంటే మాటే. ఈ పాటకి నీ పేరే. ఆ పాతది కూడా నీ పేరు మీదే తిప్పుదాం. గూడెం నుంచి కైకలూరు దాకా మోగుతోందది. తాతాజీ కేక తీసేసి నీది వేయిస్తాను. పాటల పని ఇంక నీది. తాతాజీ బాక్సులు ఎక్కించడం, దించడం చూసుకుంటాడు."

తాతాజీ పక్కనున్న వైరు తీసి చుట్టడం మొదలుపెట్టాడు. బుధవారం పెర్సిస్ ఏ మాట కోసం బస్సెక్కి వచ్చిందో ఆ మాట ఇదే. ఆయ్ అంటే చాలు. ఆ మాట పెర్సిస్ నోటిదాకా వచ్చింది కూడా.

"వద్దండీ," అంది. "ఆ పాటలో బేస్ ఈయనదేనండీ. నేను పంపినదాంట్లో లేదు. మా చెరువు మోటార్ల హోరు విని నాదే అనుకున్నాను. బుధవారం అందరి ముందూ దొంగ అన్నాను. తప్పండీ." ఆ తర్వాత తాతాజీ వైపు తిరిగింది. "ఈ కొత్త పాటకి బేస్ ఎలా వెయ్యాలో కూడా మీది వినే నేర్చుకున్నానండీ."

రాజుగారికి చికాకేసింది. "ఒక పాటకి ఒక పేరే అన్నానా? మరి దానికి ఎవరి పేరు వెయ్యమంటావ్?"

"బేస్ వేసినవాళ్ళ పేరే కదండీ పద్ధతి. ఈయనదే ఉంచండి."

"పాట ఈ అమ్మాయిగారిదండీ," అన్నాడు తాతాజీ వైరు వంకే చూస్తూ. "ఎవరిదో కనుక్కోకుండా నేను కేకెయ్యకూడదు. నా పేరు తీసెయ్యండి."

రాజుగారు ఆమెనీ అతన్నీ మార్చి మార్చి చూశారు. ఆయన ముఖం ఉన్నట్టుండి విప్పారింది. "మీ ఇద్దరికీ వద్దా? ఇంక గొడవే లేదు. రెండు పాటలకీ అబ్బాయిరాజు సౌండ్స్ అని వేసెయ్యండి. బాక్సులు నావేగా!"

"వద్దండీ!" ఇద్దరూ ఒక్కసారే అన్నారు. తొమ్మిదేళ్ళుగా రాజుగారి మాటకి ఎదురు చెప్పని తాతాజీ వైరు కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"పాతదానికి రెండు పేర్లూ వేస్తానండీ. కొత్తదానికి ఈవిడ పేరొక్కటే."

"రెండు పేర్లు ఎక్కడన్నా విన్నావా?"

"వినలేదండీ."

ఈ ఇద్దరూ వెళ్ళిపోతే బాక్సులు మిగులుతాయి, పాటలు మిగలవని రాజుగారికీ తోచినట్టుంది. "కానివ్వండి. జనం నవ్వితే నన్ననకండి," అని గొణుక్కుంటూ టీ చెప్పడానికి బయటికి వెళ్ళారు.

తాతాజీ మైకు తుడిచి పెర్సిస్ చేతికిచ్చాడు. "మీరే చెప్పండి."

ఆమె గొంతు సవరించుకుంది. "పాట పెర్సిస్, కొల్లేరు... బేస్ తాతాజీ, ఏలూరు," అంది. అంత పెద్ద బాక్సుల్లోంచి ఆమె గొంతు సన్నగా, చర్చిలో వాక్యం చదివే పిల్ల గొంతులా వచ్చింది. కూలీలు నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

తాతాజీ వేళ్ళు అలవాటుగా బేస్ మీట మీదికి వెళ్ళాయి. మీటకి తాకబోయి ఆగిపోయాయి.

"మీ గొంతుకి కాస్త బేస్ కలపమంటారా అండీ?" అని అడిగాడు.

తన దాన్ని ముట్టుకునే ముందు ఒకరు తనని అడిగారు. పెర్సిస్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కలపండి," అంది.